ఊరికే ఉండటానికి కూడా దేశం దాటొచ్చు

కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, ఓపికగా చదవండి.

పోయిన నవంబర్‌లో సెమిస్టర్ పరీక్షలు అయ్యాక మేం నలుగురం హాస్టల్ అమ్మాయిలం, మా సీనియర్ అక్క ఒకామె, మొత్తం ఐదుగురం నేపాల్ పోయి వచ్చినం. అక్కడ ఉన్నది ఆరు రోజులు. వచ్చిన దగ్గర నుంచి అందరూ ఒకటే అడుగుతున్నారు: "ఏం పని మీద పోయిండ్రు?" సెమినారా, క్యాంపా, ఆటల పోటీలా, ఎవరు పంపిండ్రు, సర్టిఫికెట్ ఇచ్చిండ్రా? ఏ పనీ లేదు, ఎవరూ పంపలేదు, చెరువు ఒడ్డున కూర్చొని వచ్చినం అంటే నమ్మడం లేదు. నమ్మినవాళ్లకేమో కోపం వస్తోంది. "అమ్మానాయిన ఎండలో మాడుతుంటే మీకు షికార్లు కావాల్నా?" అని ఒక పెద్దాయన మా ముఖం మీదే అన్నారు.

ఆయన మీద మాకు కోపం లేదు. కానీ ఆ మాటకు జవాబు చెప్పకుండా ఉంటే రేపు మన చెల్లెళ్లు ఎవరూ ఊరి పొలిమేర దాటలేరు. అందుకే రాస్తున్నాం.

ముందు డబ్బు సంగతి. మిర్చి ఏరిన కూలి, వేసవిలో తునికాకు కోసిన డబ్బు. 50 ఆకులు లెక్కపెట్టి ఒక్కో కట్ట కట్టిన వేళ్లు మావే. ఇంట్లో ఇచ్చేది ఇచ్చి, మిగిలింది ఏడాదిన్నర దాచుకున్నాం. స్కాలర్‌షిప్ ముట్టుకోలేదు. స్లీపర్ టికెట్లు, బస్సులు, గది, తిండి అన్నీ కలిపి ఒక్కొక్కరికి 11,000 దాటలేదు. వరంగల్‌లో రైలెక్కి గోరఖ్‌పూర్‌లో దిగినం. అక్కడి నుంచి బస్సులో సునౌలి. గేటు దాటితే నేపాల్. మనకు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు లేకపోయినా ఓటరు కార్డు చాలు, ఆధార్ మాత్రం పనికిరాదు. మన 1 రూపాయికి అక్కడ 1.60 రూపాయలు. విదేశం అంటే విమానం, లక్షల రూపాయలు అని భయపడేవాళ్ల కోసం ఇంత వివరంగా చెబుతున్నాం.

బస్సులో ఘాట్ రోడ్డంతా వాంతులు చేసుకుంటూ పోఖరా చేరినం. అక్కడ ఫేవా చెరువు ఒడ్డున మూడు రోజులు ఉన్నాం. మొదటి రోజు మాలో ఎవరికీ ఊరికే కూర్చోవడం చేతకాలేదు. ఒకామె తెల్లారి నాలుగున్నరకే లేచి బకెట్ కోసం వెతికింది, హాస్టల్‌లో నీళ్లు అయిపోతాయనే అలవాటు. ఇంకొకామె గది ఊడవడానికి చీపురు అడిగింది. పొద్దున టీ తెచ్చిచ్చిన ఆమెను చూసి ఐదుగురం లేచి నిలబడ్డాం. మాకు ఎవరూ అట్ల తెచ్చిచ్చింది లేదు. రెండో రోజుకు కొంచెం కుదురుకున్నాం. మూడో రోజు పొద్దున మచ్ఛపుచ్ఛ్రే కొండ మీద ఎండ పడుతుంటే రెండు గంటలు అట్లనే చూసినం. ఎవరూ ఫోన్ తీయలేదు. ఎవరూ "ఇక లేవండే" అనలేదు.

అప్పుడు మాకు అర్థమైంది ఒకటి. మన పిల్లలకు చదువు రాక కాదు, తెలివి లేక కాదు. ఏ పనీ చేయకుండా ఒక పూట ఉంటే తప్పు చేసినట్టు భయం మన ఒంట్లో ఉంది. సెలవులంటే మిర్చి, సెలవులంటే తునికాకు, సెలవులంటే తమ్ముళ్లను చూసుకోవడం. మనకు సెలవు అంటే పని మారడమే, పని ఆగడం కాదు.

నిజానికి ఇది మన పద్ధతి కాదు. భూమి పండుగ, కొత్తల పండుగ వస్తే ఊరంతా పని ఆపి డోలు కొట్టి ఆడిన జాతులం మనం. ఊరికే ఉండటం, కలిసి ఉండటం మన పెద్దలకు తెలుసు. కూలి బతుకులోకి వచ్చాకే అది సోమరితనం అయింది. మనల్ని "పని చేయరు, తాగి పడుకుంటరు" అని బయటివాళ్లు అన్న మాటను మనమే నమ్మి, మన పిల్లల మీదే వాడుతున్నాం.

గ్రూప్స్ పరీక్షలకు మనం బట్టీపట్టే ఆదేశిక సూత్రాల్లో 43వ అధికరణం ఒకసారి తీసి చదవండి. పని చేసేవాళ్లందరికీ బతకడానికి సరిపోయే కూలితో పాటు, తీరికను పూర్తిగా అనుభవించే అవకాశం కూడా దక్కేలా రాజ్యం చూడాలని అందులో ఉంది. 1948 నాటి మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం కూడా విశ్రాంతిని హక్కు అనే చెప్పింది. అంటే ఇది డబ్బున్నవాళ్ల సరదా కాదు. మనకు రావాల్సినది, ఇంకా రానిది.

కొందరు అన్నలు పూర్ణ పేరు చెప్పారు. "పోతే అట్ల పోవాలె" అని. మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. గురుకులంలో చదివిన గిరిజన బిడ్డ. ఆమె ఫొటో మా హాస్టల్ గోడ మీద ఉంది, ఆమె మాకు గర్వం. కానీ మిగతావాళ్ల పిల్లలు బీచ్‌లో ఇసుక మీద పడుకోవడానికి దేశం దాటొచ్చు, మన పిల్లలు మాత్రం రికార్డు కొడితేనే దాటాలా? మామూలు మార్కుల, మామూలు అమ్మాయిలం కూడా నాలుగు రోజులు కొండను కింద నుంచి చూసి రావొచ్చు.

"ముందు ఉద్యోగం రానీయండి, తర్వాత తిరగొచ్చు" అనేవాళ్లూ ఉన్నారు. ఉద్యోగం వచ్చాక ఇల్లు కట్టాలి, తమ్ముడి ఫీజు, చెల్లె పెళ్లి, బ్యాంకు అప్పు. ఉద్యోగం వచ్చిన మన సీనియర్లలో ఎంతమంది ఒక్క వారం ఊరికే ఉన్నారో అడిగి చూడండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. పోఖరా తర్వాత ఘాంద్రుక్ అనే గురుంగ్ జాతి ఊళ్లో రెండు రాత్రులు ఉన్నాం. గురుంగ్‌లు అక్కడి ఆదివాసీలు. ఉన్నది వాళ్ల ఇంట్లోనే. తిన్నది ధిడో, అంటే పిండి ఉడికించి గట్టిగా కలిపేది, అచ్చం మన గట్క లాంటిదే. వాళ్లు పొలం పనికి పోతే మేం అరుగు మీద కూర్చున్నాం. మా కోసం ఎవరూ వేషం కట్టలేదు, డాన్స్ చేయలేదు. చేయమని మేమూ అడగలేదు. జీవితంలో మొదటిసారి మేం టూరిస్టులం అయినం. ఇన్నాళ్లూ మనం టూరిస్టులు చూసే బొమ్మలమే.

మన దగ్గర చూడండి. లక్నవరం, బొగత, మేడారం. ఆదివారం వస్తే కార్లు వరసకడతాయి. వాళ్లు సేద తీరిపోతారు, సీసాలు, ప్లేట్లు మనకు మిగులుతాయి. అతిథి ఎవరైనా వస్తే కొమ్ములు కట్టించి మనవాళ్లను ఎండలో నిలబెడతారు. వాళ్ల విశ్రాంతి మన పని అవుతుంది, డబ్బు ఇంకెవరికో పోతుంది.

నేపాల్ స్వర్గం అనడం లేదు. చిత్వన్ నేషనల్ పార్కు కోసం థారు జాతి ఊళ్లను ఖాళీ చేయించారు, ఇప్పుడు ఆ పక్కనే టూరిస్టుల కోసం థారు డాన్స్ షోలు నడుస్తున్నాయి. అది మనకు తెలిసిన కథే. కానీ సిరుబారి అనే గురుంగ్ ఊళ్లో 1997లోనే ఊరివాళ్లే కమిటీ పెట్టుకొని హోమ్‌స్టే మొదలుపెట్టారు. వచ్చిన అతిథులను ఏ ఇంటికి పంపాలో కమిటీయే వంతుల ప్రకారం చెబుతుంది. మచ్ఛపుచ్ఛ్రే 6,993 మీటర్ల కొండ, గురుంగ్‌లకు పవిత్రం. 1957లో ఎక్కినవాళ్లు శిఖరానికి కొద్ది దూరంలోనే ఆగిపోయి దిగారు. ఆ తర్వాత ఎక్కడానికి అనుమతే లేదు. అయినా పోఖరాకు జనం రావడం ఆగిందా? మన చిలకలగుట్టను కూడా ఇట్లనే దూరం నుంచి మొక్కమని అడిగే హక్కు మనకుంది.

ఏజెన్సీలో టూరిజం పెరగాలంటే 1/70 చట్టం సడలించాలి అనేవాళ్లకు ఇదే మా జవాబు. అతిథి రావడానికి భూమి అమ్మక్కర్లేదు. మన ఇల్లు, మన వంతు, మన గ్రామసభ చాలు. 1996 పెసా చట్టం గ్రామసభకు గుర్తింపు ఇచ్చిందే ఇలాంటి వాటి కోసం. అయితే ఈ మాట గట్టిగా చెప్పాలంటే అతిథిగా ఉండటం ఎట్లుంటదో మనకు తెలియాలి. ఎంత ఇస్తే ఇంటామె సంతోషపడుతుంది, ఏ ప్రశ్న అడిగితే ఆమె ముఖం మాడుతుంది, ఇవి పుస్తకంలో రావు.

పెద్దాయన అన్న మాట దగ్గరికి వస్తాం. అవును, అమ్మానాయిన ఎండలో ఉన్నారు. వాళ్లకే విశ్రాంతి అందరికంటే ముందు కావాలి. కానీ మేం ఊరికే ఉండటం తప్పు అనుకుంటే వాళ్లకు నీడ వస్తుందా? మేం నేర్చుకుంటేనే వాళ్లకు చెప్పగలం. ఇంటికి పోయాక మా అమ్మలకు ఫొటోలు చూపించినం. ఒకమ్మ అడిగింది: "అక్కడ వంట ఎవరు చేసిండ్రే?" ఇంటివాళ్లే చేసి పెట్టిండ్రు అంటే చాలాసేపు ఏమీ అనలేదు.

ఈసారి తునికాకు డబ్బులో కొంత పక్కన పెడుతున్నాం. అమ్మలను తీసుకుపోవాలని. ఓటరు కార్డులో పేరు సరిగా లేనివాళ్లు ఇప్పుడే దిద్దించుకోండి. దారి, ఖర్చు వివరాలు కావాల్సినవాళ్లు అడగండి, చెబుతాం. తిట్టాలనుకున్నవాళ్లు కూడా రాయండి, చదువుతాం.