వడ్డీకీ ఓ వాలుంది!

ధర్మవరంలో రైలెక్కి పెనుకొండ మీదుగా హిందూపురం వెళ్లేటప్పుడు కిటికీలోంచి కొండల్నే కాదు, పట్టాల పక్కనా ఓసారి చూడండి. అక్కడక్కడా రెక్కలున్న పొట్టి స్తంభాలు కనిపిస్తాయి. రెక్క పైకి లేచి, దానిమీద 100 అని ఉంటే... వంద మీటర్లు ముందుకెళ్లేసరికి రైలు ఒక మీటరు పైకెక్కుతుందని అర్థం. హైస్కూలు పిల్లలు లెక్కల పుస్తకంలో ‘వాలు’ అని చదువుకునేది దీన్నే. ఎక్కిన ఎత్తును ముందుకెళ్లిన దూరంతో భాగించడమే. ఇక్కడ అది నూరో వంతు.

వాలు పట్టాలకే కాదు, అప్పుకీ ఉంటుంది. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటాం కదా! నూటికి నెలకు రెండు. అంటే, పదివేలు తెస్తే నెలకు 200 చొప్పున వడ్డీ ఎక్కుతుంది. నెలల్ని ఎక్స్ అనీ, వడ్డీని వై అనీ అనుకుంటే: వై = 200ఎక్స్. గ్రాఫు కాగితంపై అడ్డంగా నెలలు, నిలువుగా రూపాయలు వేసి చుక్కలు కలపండి. స్కేలుతో గీసినట్టు తిన్నని గీత వస్తుంది. అందుకే దీన్ని రేఖీయ సమీకరణం అన్నారు. చక్రవడ్డీ అయితే మాత్రం గీత పైకి వంగిపోతుంది. లెక్కని ఇలా గీతగా చూపించే దారిని ఫ్రెంచి గణితవేత్త రెనె డెకార్టె 1637లోనే పుస్తకంలో పెట్టాడు.

దీంతో మనకేం పని అంటారా? ధర్మవరంలో మగ్గమున్న ఓ ఇంటిని ఊహించుకోండి. పట్టు కొనడానికి పదివేలు కావాలి. ఒకాయన రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడు. ఇంకొకాయన రూపాయిన్నరకే ఇస్తాను గానీ, పత్రాల ఖర్చు కింద ముందే 500 కట్టమన్నాడు. ఇద్దరికీ అసలు చివర్లో ఒకేసారి ఇవ్వాలి. ఎవరి దగ్గర తేవడం మేలు?

రెండో ఆయన లెక్క ఇది: వై = 150ఎక్స్ + 500. ఇందులో 150 వాలు, 500 గీత మొదలయ్యే చోటు. నాలుగు నెలల్లో చీరలు అమ్ముడై అప్పు తీరిపోతే మొదటి ఆయనకు 800, రెండో ఆయనకు 1100 అవుతుంది. రూపాయిన్నర వడ్డీయే ఖరీదన్నమాట! పదో నెలలో ఇద్దరికీ సమానంగా 2000. రెండు గీతలూ కలుసుకునేది అక్కడే. చీరలు కదలక రెండేళ్లు సాగిందనుకోండి... మొదటి ఆయనకు 4800, రెండో ఆయనకు 4100. లెక్క తలకిందులైంది చూశారా!

కాబట్టి వడ్డీ ఒక్కటే అడిగి సంతకం పెట్టకూడదు. ముందే ఎంత పోతుంది, నెలకెంత ఎక్కుతుంది, మనం ఎన్నాళ్లలో తీర్చగలం... ఈ మూడూ తెలిస్తేనే ఏ అప్పు చవకో తేలుతుంది.

‘ఈ ఎక్స్, వై ఎందుకు పనికొస్తాయి?’ అని ఈసారి మీ అబ్బాయో అమ్మాయో విసుక్కుంటే, ఇంట్లో ఉన్న అప్పు కాగితం తీసి ముందు పెట్టండి. ఆ గీత వాళ్లచేతే గీయించండి.