అర్థం కాస్తా అర్ధమైపోయింది

మొన్న సంక్రాంతికి మా అమ్మ ఫోన్ చేసి "తాతయ్య సామెతల పుస్తకం మళ్ళీ అచ్చు వేయిద్దాంరా, సీడీలో ఉందిగా, తెరిచి ఇవ్వు" అంది. ఇంట్లో కంప్యూటర్లు చదివినవాడు ఉంటే ఇలాంటివి తప్పవు. ఎమ్మెస్ చేసినవాడికి ప్రింటర్ బాగుచెయ్యడం రాదని చెప్తే మా వాళ్ళు ఇప్పటికీ నమ్మరు.

ఆ పుస్తకం 112 పేజీలు. తాతయ్య హైస్కూల్లో తెలుగు పండితుడు. మా వైపు వాడుకలో ఉన్న సామెతలు పోగేసి, ఒక్కోదాని కింద "అర్థము" అని రెండు మూడు వాక్యాలు రాసి, సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్నాడు. మిగిలిన ఒకే ఒక్క ప్రతిని 2009లో చెదలు తినేసింది. అంతకుముందే, 2004లో, మా చిన్న మామయ్య ఆఫీసు స్కానర్ మీద ఆదివారాలు కూర్చుని స్కాన్ చేసిపెట్టాడు కాబట్టి సరిపోయింది.

మామయ్య వాట్సాప్‌లో ఫైలు పంపాడు. రెండు కేబీ కూడా లేదు! ఏ సాఫ్ట్‌వేరూ గుర్తుపట్టనంది. హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొట్టమొదట కనపడిన అక్షరాలు... ఏటీ అండ్ టీ. నేను నెలనెలా ఫోన్ బిల్లు కట్టే కంపెనీ పేరు మా తాతయ్య పుస్తకంలో ఏం చేస్తోందబ్బా అనుకున్నాను. దాని పక్కనే 'ఫార్మ్', కొంచెం అవతల 'డీజేవీఎం'. అప్పుడు వెలిగింది, ఇది డెజావూ.

మీలో పాతకాలం స్కాన్ పుస్తకాలు దించుకున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 1990ల చివర్లో ఏటీ అండ్ టీ ల్యాబ్స్‌లో పుట్టిన ఫార్మాట్ ఇది. ఇప్పుడు ఏఐ అనగానే వినపడే యాన్ లెకున్, లియోన్ బొట్టూ వగైరాలు చేసినదే. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేస్తే 26 ఎంబీ అవుతుంది. డెజావూ ఆ పేజీలో అక్షరాలని ఒక పొరగా, కాగితాన్ని ఇంకో పొరగా విడదీసి వంద కేబీ లోపుకి తెచ్చేస్తుంది. డయలప్ రోజుల్లో అది అమృతమే. తర్వాత బ్రౌజర్లు పాత ప్లగిన్లని వదిలేశాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా 2016లో కొత్త పుస్తకాలకి డెజావూ చెయ్యడం మానేసింది. అయితే వికీసోర్స్‌లో ఇప్పటికీ కనపడుతుంది.

రెండు కేబీల గొడవ తేలిగ్గానే తేలింది. డెజావూ పుస్తకాలు రెండు రకాలు. అన్ని పేజీలూ ఒకే ఫైల్లో ఉండేది ఒకటి. చిన్న సూచిక ఫైలు, పక్కనే పేజీకో ఫైలు ఉండేది ఇంకొకటి. మామయ్య పంపింది ఉత్త సూచిక! "మామయ్యా, ఫోల్డరు మొత్తం జిప్ చేసి పంపు" అన్నాను. వచ్చాక డెజావూ లిబ్రే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అన్నీ కలిపి ఒక కట్ట చేస్తే పది నిమిషాల్లో పుస్తకం కళ్ళముందుంది. సుమత్రా పీడీఎఫ్‌లోనూ, లినక్స్‌లో ఆక్యులార్‌లోనూ చక్కగా తెరుచుకుంది. ఇరవై ఏళ్ళ నాటి ఫైలండీ! ఫార్మాట్ వివరాలు బహిరంగంగా ఉన్నాయి కాబట్టి ఎవరో ఒకరు చదివే ప్రోగ్రాం రాస్తూనే ఉన్నారు.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఈ టపా రాసేవాణ్ణే కాదు.

అమ్మ టైపు చేయించడం మొదలుపెట్టింది. రెండో రోజే ఫోను. "ఏరా, నాన్న ఎక్కడ చూసినా 'అర్ధము' అని రాశాడేమిటి?" అని. అర్థానికీ అర్ధానికీ తేడా తెలియని తెలుగు పండితుడా! ప్రెస్సువాడి తప్పేమో అన్నాను. కానీ ఇంకో పేజీలో 'కంఠము' ఉండాల్సినచోట 'కంరము', 'పాఠము' బదులు 'పారము' కనపడ్డాయి. అలా ఏ ప్రెస్సువాడూ కూర్చడు. వాక్యాల చివర చుక్కలు కూడా సగం లేవు.

థ లోంచి మధ్య చుక్క తీసేస్తే ధ. ఠ లోంచి తీసేస్తే ర. కాగితం మచ్చలుగా ఉందని మామయ్య మచ్చలు తుడిచే ఆప్షన్ టిక్కు పెట్టాడు. అది అక్షరాలకి అంటుకోని చిన్న చిన్న చుక్కలన్నిటినీ దుమ్ము అనుకుని ఊడ్చేసింది. ఇంగ్లీషులో ఐ మీద చుక్క పోయినా ఐ లాగే చదువుకుంటాం. మనకలా కుదరదు, ఆ చుక్కే అక్షరం.

దీనికి అన్నయ్య ఇంకొకటుంది. ఒకేలా ఉన్న అక్షరాలకి ఒకే బొమ్మ వాడేసే కుదింపు. డెజావూ లిబ్రేలో అడిగితేనే చేస్తుంది, మామూలుగా చెయ్యదు. 2013లో జెరాక్స్ యంత్రాలు ఇలాంటి పద్ధతితోనే స్కాన్ చేసిన కాగితాల్లో 6ని 8గా మార్చేస్తున్నాయని డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ పట్టుకున్నాడు. అంకెలకే అలా అయితే మన ప, వ, ష ల సంగతి ఆలోచించుకోండి.

ఈ కథ ఆఫీసులో చెప్తే "అందుకే పాత ఫార్మాట్లు వద్దు, అన్నీ పీడీఎఫ్ చేసి పాతవి డిలీట్ చెయ్యాలి" అన్నారు. నాకది బొత్తిగా నచ్చలేదు. పీడీఎఫ్ చేస్తే చుక్కలు తిరిగొస్తాయా? ఫార్మాట్ పాపం ఏమీ చెయ్యలేదు, దాచమన్నది దాచింది. పోయింది 2004లో, టిక్కు పెట్టి అసలు స్కాన్లు డిలీట్ చేసిన రోజున. నలుపు తెలుపుల్లో ఏమాత్రం కుదించకుండా ఉంచినా 112 పేజీలు 125 ఎంబీ దాటవు. అదే సీడీలో ఐదు కాపీలు పట్టేవి!

కాబట్టి ఇంట్లో పాత పుస్తకాలు స్కాన్ చేస్తున్నవాళ్ళకి నా గోల ఒక్కటే. మచ్చలుంటే ఉండనివ్వండి. గ్రే స్కేల్‌లో టిఫ్‌గా తీసి అది అలాగే పక్కన పడేయండి. ఊళ్ళో బంధువులకి పంపడానికి ఏ ఫార్మాట్ చేసుకున్నా మీ ఇష్టం.

అమ్మ ఇప్పుడు ప్రింటవుట్లు ముందేసుకుని ఎర్ర పెన్నుతో చుక్కలు పెడుతోంది. చాలావరకు తెలిసిపోతున్నాయి. ఏడు చోట్ల మాత్రం తనకీ తేలలేదు. అవి మా వైపు మాటలు, తాతయ్య తప్ప ఇంకెవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. వాటిని ఎలా ఉన్నవి అలాగే వదిలేసి కింద గీత గీస్తానంది. "ఇదంతా మీ మామయ్యకి చెప్పకు, పాపం ఎన్ని ఆదివారాలు కూర్చున్నాడో" అని కూడా అంది.

మామయ్య బ్లాగులు చదవడు లెండి.