వెళ్ళిపోయినవారి సంతకాలు

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక సంస్థలో, సర్వరు గదిలో ఉన్న వాడుకరుల జాబితాను క్లౌడుకు తరలించే పని నా నెత్తిన పడింది. పేరుకు మేఘమే గానీ, అక్కడికి పంపేముందు నేలమీద ఊడ్చుకోవలసిన చెత్త చాలా ఉంటుంది. జాబితా తిరగేస్తూ ఒక పేరు దగ్గర ఆగిపోయాను. లెక్కల విభాగంలో చిరకాలం పనిచేసి, అప్పటికి రెండేళ్ళ క్రితం పదవీ విరమణ చేసిన పెద్దాయన పేరది. ఆయన వీడ్కోలు సభకు నేనూ వెళ్ళాను. ఆ ఖాతాను చివరిసారి వాడిన సమయం మాత్రం ముందురోజు సాయంత్రమని చూపిస్తోంది!

దొంగలు పడ్డారేమోనని గుండె గుభేలుమంది. విచారిస్తే దొంగలెవరూ లేరు. "బిల్లులు ఆమోదించే అధికారం సారు ఖాతాకే ఉందండీ. కొత్తవాళ్ళకు ఇప్పించాలంటే ముగ్గురి సంతకాలు కావాలి. అందుకని ఆయన సంకేతపదంతోనే కానిచ్చేస్తున్నాం" అన్నారు విభాగంవారు, ఇందులో తప్పేముందన్నట్టు.

ఆయనకు ఫోను చేసి సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నారు: "అంటే ఈ రెండేళ్ళూ నేను సంతకాలు పెడుతూనే ఉన్నానా నాయనా? రేపు ఏ బిల్లులోనైనా తేడా వస్తే పిలిచేది నన్నే కదా!"

ఆ ఒక్క మాటతో నా వృత్తిని నేను చూసే చూపు మారిపోయింది. అంతవరకూ ఖాతా మూసివేతను సంస్థ సొత్తును కాపాడే పనిగానే అనుకునేవాణ్ణి. వెళ్ళిపోయిన మనిషి పేరును కాపాడే పని కూడా అదేనని ఆరోజు తెలిసింది.

డైరెక్టరీ సమాధానం చెప్పవలసిన ప్రశ్నలు రెండు: వచ్చినది ఎవరు, వారేం చేయవచ్చు? మొదటిది గుర్తింపు, రెండవది అధికారం. విండోస్ 2000తో వచ్చిన యాక్టివ్ డైరెక్టరీ ఈ రెండింటినీ సంస్థ ప్రహరీ లోపల చూసుకునేది. 2013లో అందరికీ అందుబాటులోకి వచ్చిన అజ్యూర్ యాక్టివ్ డైరెక్టరీ (2023లో దాని పేరు ఎంట్రా ఐడీగా మార్చారు) అదే పనిని ప్రహరీ అవతల చేస్తుంది. తేడా చిన్నది కాదు. మునుపు పాత తాళంచెవి దొరికినవాడు ముందు మన గేటు దాటి రావాలి. ఇప్పుడు తలుపే వీధిలో ఉంది. ప్రపంచంలో ఏ మూలనుంచైనా ఎవరైనా వచ్చి చెవి పెట్టి తిప్పి చూడవచ్చు.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 2021 మే నెలలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ రోజుల తరబడి ఆగిపోయి, తూర్పు తీరంలో పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయి. దుండగులు చొరబడిన దారి, వాడుకలో ఉండకూడని ఒక పాత వీపీఎన్ ఖాతా. దానికి సంకేతపదం తప్ప రెండవ తనిఖీ లేదు. తాళాలు తయారుచేసి అమ్మేవారి ఇల్లూ ఇందుకు మినహాయింపు కాలేదు. 2023 నవంబరు చివర మొదలై 2024 జనవరిలో బయటపడిన దాడిలో, మిడ్‌నైట్ బ్లిజార్డ్ అనే రష్యా ముఠా మైక్రోసాఫ్టు ఉన్నతాధికారులలో కొందరి వేగులు చదివింది. మొదట దొరికింది ఎప్పుడో పరీక్షల కోసం సృష్టించిన ఒక పాత ఖాతా. దానికీ రెండవ తనిఖీ లేదు. అక్కడినుంచి ఒక పాత పరీక్షా అప్లికేషనుకు మిగిలిపోయిన పెద్ద అధికారాలను పట్టుకుని లోపలికి నడిచారు.

ఆ అప్లికేషను సంగతి ఇంకాస్త ఆలోచించదగ్గది. మనుషులైతే రాజీనామా చేస్తారు, పదవీ విరమణ చేస్తారు, వీడ్కోలు సభ జరుగుతుంది. అప్లికేషన్లకు వీడ్కోలు సభలు లేవు. వాటిని పుట్టించినవాడు ఊరు మారిపోయినా అవి అధికారాలతో సహా అలాగే కూర్చుని ఉంటాయి. అందుకే ప్రతి అప్లికేషనుకూ పేరున్న ఒక మనిషి బాధ్యుడుగా ఉండాలంటాను. బాధ్యుడు వెళ్ళిపోతే, మరొకరి పేరు చేరేదాకా దాని అధికారాలు ఆగిపోవాలి.

వెళ్ళిపోయినవారికన్నా చిక్కు తెచ్చేవారు బదిలీ అయినవారు. కొనుగోళ్ళ విభాగంనుంచి చెల్లింపుల విభాగానికి మారిన ఉద్యోగికి కొత్త గుంపులో పేరు ఆరోజే చేరుతుంది, లేకపోతే పని సాగదు కనుక. పాత గుంపులోనుంచి తీసేయమని అడిగేవాడుండడు. ఇక సరుకు కొనేదీ తనే, డబ్బు ఇచ్చేదీ తనే! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇంట్లోవాడికి దొంగయ్యే వీలును మనమే కల్పిస్తున్నాం. ఉద్యోగి విభాగాన్ని బట్టి గుంపు సభ్యత్వం దానంతటదే మారే ఏర్పాటు నేటి డైరెక్టరీలలో ఉంది. అయితే ఉద్యోగుల వివరాలు వ్రాసేవారు విభాగం మార్చడం మరచిపోతే, యంత్రమూ అంతే నమ్మకంగా మరచిపోతుంది.

ఇంకో అపోహ. ఖాతా ఆపిన క్షణానే తలుపులన్నీ మూసుకుంటాయనుకుంటారు. లోపలికి వచ్చినవాడి చేతిలో అప్పటికే ఒక టోకెను ఉంటుంది. రద్దు సంగతిని వెంటనే గ్రహించే అప్లికేషన్లు కొన్ని ఉన్నా, మిగిలినచోట్ల అది మామూలుగా గంటనుంచి గంటన్నర వరకూ చెల్లుతుంది. కనుక ఖాతా ఆపడంతోబాటు, నడుస్తున్న సెషన్లను కూడా విడిగా రద్దు చేయాలి. "తొలగిస్తే అవసరానికి మళ్ళీ దొరకదేమో" అని వెనుకాడేవారికి ఒక ఊరట: ఎంట్రాలో తొలగించిన వాడుకరి ఖాతాను 30 రోజులలోపు తిరిగి తెచ్చుకోవచ్చు.

"ఇంత పట్టుబడితే పనులు ఆగిపోతాయి" అనేవారున్నారు. వారి మాటలో నిజముంది. మా లెక్కల విభాగంవారు చెడ్డవారు కారు. న్యాయమైన దారికి మూడు సంతకాలు, అడ్డదారికి ఒక చీటీ మీద వ్రాసుకున్న సంకేతపదం! ఏది ఎంచుకుంటారు? తప్పులో సగం నియమాలు వ్రాసినవారిది. నా అభిప్రాయంలో అధికారం ఇవ్వడం తేలిక కావాలి, ఇచ్చిన ప్రతిదానికీ గడువుండాలి. గడువు తీరితే దానంతటదే పోవాలి, కావలసినవారు మళ్ళీ అడగాలి. ఎవరికి ఇంకా అవసరమో తేల్చవలసింది ఆ పని తెలిసిన విభాగాధిపతి. కంప్యూటర్ల గదిలో కూర్చున్న నాకు ఎవరి పని ఏమిటో ఎలా తెలుస్తుంది?

ఇందులోనే మర్యాద ప్రశ్న కూడా ఉంది. పొద్దున్నే సంకేతపదం పనిచేయకపోవడం చూసి ఉద్యోగం పోయిందని తెలుసుకున్నవారి కథలు మనం విన్నాం. తలుపు మూయడం తప్పదు. కానీ ఆ మాట ముందు ఒక మనిషి నోట వినబడాలి. ఎవరి పేరును కాపాడటానికి ఖాతా మూస్తున్నామో, ఆ మనిషినే అవమానిస్తే ఇక కాపాడింది ఏమిటి?

ఆ పెద్దాయన ఖాతాను ఆయనకు చెప్పే మూశాను. కొత్తవారికి అధికారం వచ్చేసరికి రెండు వారాలు పట్టింది. అన్నాళ్ళూ బిల్లులు ఆగాయి, నాకు చివాట్లూ పడ్డాయి. కానీ ఆ రెండేళ్ళ నమోదులను ఎవరూ మార్చలేరు, మార్చకూడదు కూడా. వాటిమీద ఆయన పేరే ఉంటుంది. అందుకని ఫలానా తేదీనుంచి ఫలానా తేదీవరకూ ఆ ఖాతాను వాడినది ఆయన కాదని ఒక కాగితం వ్రాయించి, విభాగంవారితో సంతకాలు చేయించి ఫైలులో పెట్టించాను. ఈసారి ఎవరి సంతకం వారే చేశారు.