పక్కింటాయన నల్లచేతులు, నా చుక్కల మందు

మా పక్కింటి పెద్దాయన చేతులు ప్రతి అక్టోబరులోనూ మణికట్టు దాకా నల్లగా ఉంటాయి. మిస్సోరీలో స్ప్రింగ్‌ఫీల్డ్ శివార్లలో మేం ఇల్లు కొన్న మొదటేడు చూసి, కార్లు బాగుచేస్తాడేమో, గ్రీజు మరకలేమో అనుకున్నా. కాదట. బ్లాక్ వాల్‌నట్ కాయలు ఒలిచిన మరకలట. సబ్బుకి పోవు, పెట్రోలుకీ పోవు. చర్మం ఊడి కొత్తది రావాల్సిందే.

మన కొట్లలో దొరికే అక్రోటు వేరు, ఇది వేరు. ఇది అమెరికా తూర్పు సగంలో అడవుల్లో తనంతట తాను మొలిచే చెట్టు. టెన్నిస్ బంతంత ఆకుపచ్చ కాయ, లోపల సుత్తితో కొట్టినా ఒక పట్టాన పగలని పెంకు. అక్టోబరు వచ్చిందంటే ఇక్కడి పల్లెల్లో తొక్క తీసే యంత్రాలు పెట్టి వంద పౌన్ల లెక్కన కొంటారు. అవన్నీ స్టాక్టన్ అనే చిన్న ఊళ్ళో ఉన్న ఫ్యాక్టరీకి వెళ్తాయి. మేం ఆ చెట్టు కింద టొమాటో, వంకాయ మొక్కలు వేసి నెలలో అన్నీ వాడబెట్టుకున్నాం. మా ఆవిడ దిష్టి తగిలిందంది. పెద్దాయన నవ్వి, ఆ చెట్టు వేళ్ళ దగ్గర టొమాటో బతకదని చెప్పాడు. జుగ్లోన్ అనే పదార్థం పని అది. దీని చెక్కపొట్టు గుర్రాల కింద పరిస్తే గిట్టల లోపల వాచి కుంటుతాయని, ఇక్కడ గుర్రాలున్న వాళ్ళందరికీ తెలుసు.

ఇన్ని తెలిసీ ఆ తొక్కల కషాయాన్ని నేను ఆరు వారాలు తాగాను. అదీ అసలు విషయం.

కడుపులో మంట, తిన్నాక ఉబ్బరం, నీరసం. నడుం నొప్పికి ఐబుప్రొఫెన్ మింగుతూ, రిలీజుల ముందు రాత్రుళ్ళు కాఫీ మీద బతికేవాడికి ఇవేం వింత కాదు కదా. ఓ దీపావళి భోజనాల్లో మిత్రుడొకాయన, మన గుంటూరు వైపు వాడే, పక్కకి పిలిచి చెప్పాడు. "కడుపులో పురుగులుంటాయి గురూ, ఇక్కడి డాక్టర్లు నమ్మరు. బ్లాక్ వాల్‌నట్ టింక్చర్ వాడు. రెడ్ ఇండియన్లు వందల ఏళ్ళుగా వాడిన మందు." మర్నాడే ఓ కొట్లో సీసా కొన్నా. 22 డాలర్లు. పచ్చి తొక్కని ఆల్కహాల్లో వారాల తరబడి నానబెట్టి వడగట్టిన ద్రవం. ముప్ఫై చుక్కలు నీళ్ళలో వేసుకుని రోజుకి మూడుసార్లు. దాంతో పాటు మాచిపత్రి జాతిదే ఒక చేదాకు, లవంగాల పొడి. రుచి సంగతి అడక్కండి.

మూడో వారంలో విరేచనం తారులా నల్లగా అవడం మొదలైంది. నేనేమనుకున్నానో తెలుసా? మందు రంగు అనుకున్నా. పెద్దాయన చేతులంత నల్లగా ఉండే రసం తాగుతున్నాం, నలుపు రాక ఏమొస్తుంది? పైగా లోపలిదంతా శుభ్రమవుతోందని సంబరం. ఆరో వారంలో ఆఫీసు మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి కూలబడ్డా. హిమోగ్లోబిన్ 7.8. మగవాడికి 13 పైన ఉండాలి. ఎండోస్కోపీ చేస్తే పుండు, దాన్నుంచి రక్తం. కడుపులో హెలికోబాక్టర్ పైలోరై బాక్టీరియా. రెండు వారాలు యాంటీబయాటిక్స్, ఐబుప్రొఫెన్ బంద్. మంట పోయింది.

పుండు టింక్చర్ వల్ల వచ్చిందని నేననను. ముందే ఉండుంటుంది. కానీ నల్లటి విరేచనం అంటే కడుపులో రక్తం కారుతోందేమోనని పరిగెత్తాల్సిన చోట, నాకో తయారైన సమాధానం చేతిలో పెట్టింది ఆ సీసా. డాక్టరమ్మ అడిగింది, "మూడు వారాలు చూస్తూ ఎలా ఊరుకున్నావు?" అని. సిగ్గుపడి సీసా సంగతి చెప్పా. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బావుండేది.

తర్వాత మంచం మీద ఖాళీగా ఉన్నప్పుడు ఈ 'వందల ఏళ్ళ సంప్రదాయం' ఏమిటో తవ్వడం మొదలెట్టా. చెరొకీలు ఈ చెట్టుని బాగానే వాడారు. వెదురు జాతి రెల్లుతో అల్లే బుట్టలకి ముదురు రంగు దీంతోనే వేస్తారు, ఇప్పటికీ. పచ్చి తొక్కలు దంచి మడుగులో వేసి, చేపలు మత్తెక్కి తేలితే పట్టుకునేవారు. తామరకి తొక్క రసం రుద్దేవారు. పెద్దాయన వాళ్ళమ్మ కూడా అదే చేసేదట. "తాగేదా?" అనడిగితే నాకేదో పిచ్చెక్కినట్టు చూశాడు. విరేచనాలకీ, పురుగులకీ లోపలికి తీసుకున్నవాళ్ళు పాత రోజుల్లో అసలు లేరని కాదు. కానీ నేను తాగిన మూడింటి జట్టు, వాల్‌నట్ తొక్క, చేదాకు, లవంగం, ఏ తెగ దగ్గర్నుంచీ రాలేదు. ఇది ఇంతగా పాకింది హల్డా క్లార్క్ 1993లో వేసిన 'ది క్యూర్ ఫర్ ఆల్ కేన్సర్స్' పుస్తకంతో. కేన్సర్లన్నిటికీ ఒకే ఒక్క పేగు పురుగు కారణం, ఈ మూడూ దాన్ని చంపుతాయి అని ఆవిడ వాదన. ఆ పురుగేమో ఆసియాలో, చెరువుల్లో పెరిగే మొక్కల్నీ దుంపల్నీ పచ్చిగా తినేచోట పట్టుకునేది. మిస్సోరీలో కూచున్నవాడికి ఎక్కడినుంచి వస్తుంది? ఆవిడ 2009లో మల్టిపుల్ మైలోమాతో, అంటే ఒక రకం రక్త కేన్సర్‌తో, పోయారు. చావుని చూపించి వాదన గెలవడం నాకిష్టం లేదు. అది లేకపోయినా ఆ వాదన నిలబడదు.

అంటే నేను తాగింది చెరొకీల మందు కాదు, నేను ఇంజనీరింగు చదివిన రోజుల నాటి పుస్తకం. సీసా మీద మాత్రం ఈకల టోపీ పెట్టుకున్న మనిషి బొమ్మ. వాళ్ళ భూములు లాక్కున్నారు సరే, ఆఖరికి వాళ్ళు చెప్పని మాటకి కూడా వాళ్ళ మొహమే అతికించారు. ఇదే నాకు ఎక్కువ మండేది. వెనకవైపు చిన్నక్షరాల్లో, ఈ మాటల్ని ఎఫ్‌డీఏ పరిశీలించలేదు, ఏ జబ్బునీ నయం చేయడానికి ఉద్దేశించింది కాదు అని ఉంటుంది. 1994లో వచ్చిన సప్లిమెంట్ల చట్టం పుణ్యం. ముందువైపు నమ్మకం, వెనకవైపు తప్పుకోవడం. మా సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కూడా అంతే అనుకోండి :)

ఇక్కడో సరదా సంగతి. జుగ్లోన్‌కీ, మన గోరింటాకులో రంగునిచ్చే లాసోన్‌కీ అణువు సూత్రం ఒక్కటే, సి10హెచ్6ఓ3. ఒక్క హైడ్రాక్సిల్ గుంపు కూర్చునే చోటు మారుతుంది, అంతే. పెద్దాయన చేతులు నల్లబడ్డం, ఆషాఢంలో మా అమ్మ చేతులు ఎర్రబడ్డం దాదాపు ఒకే కథన్నమాట. గోరింటాకు రుబ్బిన గిన్నె పిల్లలకి అందకుండా పెట్టేది మా అమ్మ. మొక్కదే కదా, సహజమే కదా అని గ్లాసులో పోసి ఎవరూ తాగించలేదు.

ఇదంతా చెప్తే గుంటూరు మిత్రుడికి కోపమొచ్చింది. "అయితే మన ఆయుర్వేదం కూడా బూటకమేనా?" అన్నాడు. నేనెక్కడన్నాను? మా తాతగారి ఊళ్ళో ఆచారిగారు పురుగులకి వాయువిడంగాలు ఇచ్చేవారు. కానీ ఇచ్చేముందు కళ్ళ కింద రెప్ప లాగి చూసేవారు, ఏం తిన్నావనీ, విరేచనం ఏ రంగులో ఉందనీ అడిగేవారు. ఆయన గనక బతికుంటే నా జవాబు వినగానే మందు ఆపి ఆస్పత్రికి పంపేవారని నా నమ్మకం. సీసా అడగదు కదా. అడిగే మనిషిని తీసేసి ఆకుని మాత్రం అమ్ముతూ దాన్ని సంప్రదాయం అంటే నేనొప్పుకోను.

"మరి నాకు తగ్గిందిగా?" అని వాడి ఆఖరి బాణం. తగ్గే ఉంటుంది. అదే నెలలో బయట తిండి మానేశాడు, పాలు మానేశాడు, పొద్దున్నే నడక మొదలెట్టాడు. నాలుగు మార్పులు ఒకేసారి చేసి బగ్ పోయిందంటే మా టీమ్‌లో ఎవడూ ఆ టికెట్ మూయనివ్వడు. మలపరీక్ష ముందూ చేయించలేదు, తర్వాతా చేయించలేదు. ఉన్నాయో లేవో తెలియని పురుగులు చచ్చాయని ఎలా చెప్తాం? గాజుగొట్టంలో జుగ్లోన్ చాలావాటిని చంపుతుంది, టొమాటోని చంపినట్టే. మనిషి పేగుల్లో పురుగుల్ని పోగొడుతుందని తేల్చిన సరైన క్లినికల్ ట్రయల్ మాత్రం లేదు.

నిజంగా పురుగులుంటే అదేమంత పెద్ద సమస్యా కాదు. ఇండియాలో 2015 నుంచి ఫిబ్రవరి 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఒకటి నుంచి పందొమ్మిదేళ్ళ పిల్లలకి అల్బెండజోల్ వేస్తున్నారు. రెండేళ్ళు దాటితే 400 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి. మా అక్క కూతురు మన బడిలో ఉచితంగా చప్పరించిన దానికి నేను అమెరికాలో 22 డాలర్లు పెట్టి, ఆరు వారాలు చేదు మింగి, సగం రక్తం పోగొట్టుకున్నా.

సీసాలో సగం ఇంకా మిగిలే ఉంది. పారెయ్యడం ఎందుకని, మా అమ్మాయి బడి ప్రాజెక్టుకి చేస్తున్న చెక్కపెట్టెకి రంగుగా పూసి చూశా. పల్చగా ఉంది, పట్టలేదు. పెద్దాయన చూసి, గరాజులోంచి ఓ పాత బకెట్టు తెచ్చాడు, తొక్కలు మరిగించిన నీళ్ళు. రెండు పూతలకే పెట్టె కాఫీ గింజ రంగుకొచ్చింది. చేతులకి గ్లవుజులు వేసుకోమన్నాడు. నేను వేసుకోలేదు. సోమవారం ఆఫీసులో అందరూ ఏమైందని అడగడమే.