ఒకే దిక్కు ప్రవాహం

హోసూరు ప్రాంతపు తెలుగింటి యువతి ఒకరు విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ సమాచార మాధ్యమాల చదువుకు వెళుతూ నా సలహా కోరారు. 1980లో మెక్‌బ్రైడ్ సంఘం యునెస్కోకు సమర్పించిన నివేదికను ముందుగా చదవమన్నాను. సంపన్న దేశాల నుండి పేద దేశాలకు వార్తలు ఒకే దిక్కుగా ప్రవహించే అసమానత తొలగాలన్నది దాని సారం. మన దేశపు పత్రికా రచయిత బి.జి. వర్గీస్ ఆ సంఘ సభ్యులు.

సరిహద్దు తెలుగువారి స్థితి కూడా అటువంటిదే. రాజధానుల మాట మనకు చేరుతుంది; మన మాట రాజధానులకు చేరదు.

"తెలుగు మాట్లాడగలను, చదవలేను" అన్నదామె. నేను నిరుత్తరుణ్ణయ్యాను. మన అర్జీని చదవలేని విలేఖరి మన గోడును లోకానికెలా వినిపించగలరు? తప్పు ఆమెది కాదు, మనది. తల్లిదండ్రులారా, బిడ్డలను పెద్ద చదువులకు పంపండి; అంతకు ముందే ఇంట ఓనమాలు దిద్దించండి.