గ్రహశకలాలు వెతకండి.. రెజ్యూమెలో నిజమే రాయండి

చోడవరంలో డిగ్రీనో, ఇంజినీరింగో చదువుతూ 'రెజ్యూమెలో పెట్టుకోవడానికి మంచి ప్రాజెక్టు ఏదైనా చెప్పన్నా' అని అడిగేవాళ్లకు నా సలహా ఒకటే: గ్రహశకలాలు వెతకండి. నవ్వొద్దు! దీనికి టెలిస్కోపు అక్కర్లేదు. ఓ ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, ఇద్దరు ముగ్గురు స్నేహితులు చాలు.

ఇంటర్నేషనల్ ఆస్ట్రనామికల్ సెర్చ్ కొలాబరేషన్ (ఐఏఎస్‌సీ) అనే సంస్థ హవాయిలోని పాన్-స్టార్స్ టెలిస్కోపు తీసిన ఫొటోలను విద్యార్థి బృందాలకు పంపుతుంది. ఆకాశంలో ఒకే చోటును కొన్ని నిమిషాల తేడాతో తీసిన ఫొటోలవి. 'ఆస్ట్రోమెట్రికా' సాఫ్ట్‌వేర్‌లో వాటిని ఒకదాని వెంట ఒకటి తిప్పి చూడాలి. నక్షత్రాలు కదలవు. ఏదైనా చుక్క తిన్నగా, ఒకే వేగంతో జరుగుతుంటే అది గ్రహశకలం కావచ్చు. దాని స్థానాన్ని కొలిచి రిపోర్టు పంపాలి. ఐఏఎస్‌సీ ఇందుకు ఫీజు తీసుకోదు. మధ్యలో ఎవరైనా డబ్బు అడిగితే దేనికో కనుక్కోండి.

అసలు చిక్కు ఆ తర్వాతే. 'ప్రిలిమినరీ' అని సర్టిఫికెట్ రాగానే కొందరు 'నేను గ్రహశకలం కనిపెట్టాను' అని రాసేసుకుంటారు. అది తొలి గుర్తింపు మాత్రమే. మరిన్ని పరిశీలనలు జరగాలి, కక్ష్య ఖరారు కావాలి, మైనర్ ప్లానెట్ సెంటర్ శాశ్వత నంబరు ఇవ్వాలి. దీనికి ఏళ్లు పడుతుంది. పేరు పెట్టడం ఆ తర్వాతి మాట. చెరకు పండే ఊరివాళ్లకు వేరే చెప్పాలా? బండి ఎంత నిండుగా కనిపించినా, కాటా మీద తూగిందే లెక్క.

హైదరాబాద్‌లో పెరిగిన వేణు బాపు 1949లో హార్వర్డ్‌లో చదువుతూ, ఓ ఫొటో ప్లేటులో కొత్త తోకచుక్కను పట్టుకున్నారు. దానికి ఆయన ఒక్కరి పేరే పెట్టలేదు. దాని పేరు బాపు-బాక్-న్యూకిర్క్. అంత పెద్ద శాస్త్రవేత్త ఖాతాలోనే తోటివాళ్ల వాటా కనబడుతుంటే, మనం టీమ్ పనిని 'నేను' అని రాసుకోవడం ఏం బాగుంటుంది?

అందుకే ఇలా రాయండి: 'ముగ్గురం కలిసి ఇన్ని ఫొటో సెట్లు చూశాం, ఇన్ని రిపోర్టులు పంపాం, ఇన్ని నిలబడలేదు.' నిలబడనివి ఎందుకు నిలబడలేదో కూడా నోట్‌బుక్‌లో పెట్టుకోండి. కెమెరా లోపాన్ని చూసి గ్రహశకలం అనుకున్నారా? చుక్క మూడు ఫొటోల్లో ఉండి నాలుగో దాంట్లో మాయమైందా? డేటా, టెస్టింగ్ ఉద్యోగాల్లో రోజూ చేసేది ఈ ఏరివేతే. ఇంటర్వ్యూలో దీని మీద పది నిమిషాలు ధైర్యంగా మాట్లాడొచ్చు.

దీంతోనే ఉద్యోగం వచ్చేస్తుందని నేను చెప్పను. కానీ ఒక్క ఎదురు ప్రశ్నకే కూలిపోయే గొప్ప కన్నా, ఎన్ని ప్రశ్నలేసినా నిలబడే చిన్న పని నయం.