సోన్‌గఢ్ కొండ మీదినుంచి

సూరత్ నగరానికి కొండ లేదు. తాపీనది శతాబ్దాల తరబడి తెచ్చిపోసిన ఒండ్రుమట్టి మీద, సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున, పళ్ళెంలా పరచుకొని ఉన్న ఊరది. అక్కడి పవర్లూమ్ షెడ్లలోను, చీరల దుకాణాలలోను జీవితం గడిపే మన తెలుగువారికి ఈ లోటు తెలియకుండా ఉండదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాలనుంచి వెళ్ళి స్థిరపడిన పద్మశాలీలు వారిలో అధికులు. ఊరిపక్క గుట్టను, గుట్టమీది గుడిని చూస్తూ పెరిగినవారు వారిలోని పెద్దలు. లింబాయత్ వీధులలో పుట్టి, నగరపాలక సంస్థవారి తెలుగు బడిలో అక్షరాలు దిద్దిన పిల్లలకు మాత్రం కొండ అంటే వాచకంలోని బొమ్మ.

ఆ పిల్లలచేత మొట్టమొదట ఎక్కించవలసిన కొండ ఏదని అడిగితే, సూరత్‌లో పదిమందిలో తొమ్మండుగురు సాపుతారా పేరు చెబుతారు. డాంగ్ జిల్లాలోని ఆ విడిది చల్లనిదే, చక్కనిదే. కాని అంతదూరం వెళ్ళిన తరువాత కొండ ఎక్కే శ్రమంతా బస్సే పడుతుంది. మనకు మిగిలేది హోటలు, పడవ, రోప్‌వే. తన కాళ్ళతో తాను ఎక్కి, పైన నిలిచి చుట్టూ చూచుకొనే సంతోషం కావాలంటే అందులో సగం దూరంలోనే సోన్‌గఢ్ ఉంది. సూరత్‌కు తూర్పుగా సుమారు 90 కిలోమీటర్లు. ఉదయం వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

ఉధనానుంచి భుసావల్ వైపు పోయే రైలుమార్గంలో దిగవలసిన స్టేషను పేరు ఉకాయ్ సోన్‌గఢ్. దారిలో బార్డోలీ వస్తుంది. 1928లో శిస్తు పెంపుదలను ఎదిరించిన రైతు సత్యాగ్రహం జరిగినది ఇక్కడే. వల్లభ్‌భాయ్ పటేల్‌కు సర్దార్ అన్న పేరు స్థిరపడినది దానితోనే. వ్యారా దాటేవరకు కిటికీకి ఇరువైపులా చెరకు తోటలు. ఆ తరువాత నేల మెల్లగా అలలు తిరుగుతుంది, టేకుచెట్లు కనిపించసాగుతాయి. గుజరాతీతోపాటు గామిత్ గిరిజనుల మాట చెవిన పడుతుంది. 2007లో ఏర్పడిన తాపీ జిల్లా ఇది. అంతకుముందు ఇదంతా సూరత్ జిల్లాయే.

కొండ పెద్దది కాదు. ఊరిని ఆనుకొనే లేచి, నెత్తిన కోట గోడలు పెట్టుకొని ఉంటుంది. నిదానంగా నడిచినా గంటలోపల పైకి చేరవచ్చు. భువనగిరి కొండ ఎక్కినవారికి ఇక్కడ ఒక భేదం వెంటనే తెలుస్తుంది. అది ఏనుగు వీపులాంటి ఏకశిల. ఇది దాదాపు 6.6 కోట్ల సంవత్సరాల నాడు నేల చీలి పొరలు పొరలుగా ప్రవహించి గడ్డకట్టిన లావా. రాయి నల్లగా, గరుకుగా ఉంటుంది. ఎండవేళ దానిమీద చెయ్యి పెట్టలేము.

పైన దేవి గుడి ఉంది, ఒక దర్గా ఉంది, శిథిలమైన బురుజులు ఉన్నాయి. పడమటి గోడవద్ద నిలిచి చూస్తే ఇక్కడ కోట ఎందుకు కట్టారో ఎవరూ చెప్పనక్కరలేదు. ఖాందేశ్‌నుంచి సూరత్ మైదానానికి దిగే బాట అంతా కాళ్ళకింద ఉంటుంది. శివాజీ 1664లోను, 1670లోను సూరత్‌ను కొల్లగొట్టి మరలిపోయినాడు. అర్ధశతాబ్దం గడిచాక వచ్చిన పిలాజీరావు గాయక్వాడ్ మరలిపోలేదు. ఈ కొండను చేజిక్కించుకొని, చేరువలోనే మకాం పెట్టి, సూరత్ చుట్టుపట్ల ఉన్న ఇరువది ఎనిమిది పరగణాలనుంచి చౌత్ వసూలు చేయసాగినాడు. దోపిడికన్న ఇది లాభసాటి అని అతడు గ్రహించినాడు కాబోలు. 1732లో డాకోర్ వద్ద అతడు హత్యకు గురయినా, వంశం నిలిచి బరోడా సంస్థానాన్ని 1949 వరకు ఏలింది. అంతటి రాజ్యానికి మొలక ఈ చిన్న గుట్ట.

ఇక ఉత్తరం వైపు తిరగండి. అంతవరకు ఆకుపచ్చగా ఉన్న దృశ్యంలో హఠాత్తుగా నీరు మెరుస్తుంది. అది తాపీనదిపై 1972లో పూర్తయిన ఉకాయ్ ఆనకట్ట జలాశయం. సర్దార్ పేరిట దానిని వల్లభ్ సాగర్ అంటారు. దాదాపు అయిదు కిలోమీటర్ల పొడవున్న కట్ట వెనుక కొండల సందులలోకి చేతులు చాచుకొని పడుకొన్న ఆ నీటి అందం మాటలకు లొంగదు. ఆ నీటి అడుగున నూటికి పైగా గ్రామాలు ఉన్నాయి. అక్కడ సేద్యం చేసుకొంటూ ఉండిన వారిలో అధికులు గిరిజనులు. కొత్తగా ఇచ్చిన చోట పొలం చాలక, వారిలో అనేకులు ఏటా చెరకు నరికే కూలికై మైదానానికి దిగేవారయినారు. వచ్చేటప్పుడు రైలు కిటికీలోనుంచి చూచిన ఆ తోటలకు పారే నీరు ఈ జలాశయానిదే.

సూరత్‌వాసులు ఈ నీటిని కన్నులతో చూడకపోయినా దాని కొలత వారికి కంఠస్థం. వానకాలమంతా అక్కడి పత్రికలు ఉకాయ్ నీటిమట్టాన్ని తప్పక ప్రకటిస్తాయి. నిండుమట్టం 345 అడుగులు. ఆ అంకె దగ్గరపడుతూంటే తాపీ ఒడ్డున కాపురముండేవారికి నిద్ర పట్టదు. 2006 ఆగస్టులో ఎగువన కుండపోతగా కురిసిన వానలకు జలాశయం నిండి, తొమ్మిది లక్షల క్యూసెక్కుల దాకా కిందికి వదలవలసి వచ్చింది. నూరు కిలోమీటర్ల దిగువనున్న సూరత్‌లో అధికభాగం మునిగిపోయింది. ముందుగా ఖాళీ చేసి ఉంచితే ఇంత ముప్పు వచ్చేది కాదన్న వాదం అప్పుడు బలంగా వినిపించింది. కాని కాలువకు, కరెంటుకు జలాశయం నిండుగా ఉండాలి; వరదను ఆపటానికి వెలితిగా ఉండాలి. ఈ చిక్కును కాగితంమీద చదివితే సగమే అర్థమవుతుంది. కొండమీద నిలిచి ఒకవైపు ఆ నీటి రాశిని, మరొకవైపు ఏ అడ్డమూ లేక పడమటికి వాలిన మైదానాన్ని చూచిన పిల్లవాడికి దీనిని ఉపన్యాసంగా చెప్పవలసిన పని ఉండదు.

వెళ్ళటానికి అనువైన కాలం వానలు వెనుకపట్టిన తరువాత, సెప్టెంబరు చివరనుంచి నవంబరు వరకు. జలాశయం నిండుగా ఉంటుంది, గాలి కడిగినట్లుంటుంది, దక్షిణాన డాంగ్ అడవుల కొండలు వరుస వెనుక వరుసగా నీలం తిరిగి కనిపిస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలలలో టేకు ఆకు రాల్చి అడవి బోసిపోయినా మోదుగులు ఎర్రగా పూస్తాయి. పూలమీద మక్కువ ఉన్నవారు అప్పుడు వెళ్ళవచ్చు. ఏప్రిల్, మే నెలలలో వద్దు. వానజల్లులో నల్లరాయి జారుతుంది, పిల్లలున్నవారు జాగ్రత్తపడాలి. మంచినీరు, అటుకులో పులిహోరో కిందనే కట్టుకొని బయలుదేరితే మేలు. పొద్దు వాలేవరకు పైన కూర్చోవాలనిపిస్తుంది. కాని వెలుగుండగానే దిగితే స్టేషనుకు తొందరపడకుండా నడవవచ్చు.